డప్పు వాళ్లది, ముహూర్తం మనది

స్కూలు వార్షికోత్సవం దగ్గరపడగానే డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుల ముందు తల్లిదండ్రులు క్యూ కడతారు. కృష్ణుడి డ్రెస్సు, ఝాన్సీ లక్ష్మీబాయి డ్రెస్సు, జోకర్ డ్రెస్సు. వాటి పక్కనే ‘ట్రైబల్ సెట్’ అని ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆకుల ఆకారంలో కత్తిరించిన పచ్చగుడ్డ లంగా, రంగులద్దిన ఈకల తలపట్టీ, అట్టతో చేసిన బరిసె, ఒంటికి పూయడానికి నల్లరంగు. ఏ తెగ, ఏ ఊరు, ఏ పండగ అని టీచర్ అడగదు, మనమూ అడగం. పిల్లలు గుండ్రంగా గెంతుతూ అర్థంలేని కేకలు పెడతారు. ముందు వరుసల్లో కూర్చున్న మనం ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటాం. సినిమాల్లో కోయదొర వేషం చూసి ఏ నవ్వు నవ్వామో ఇక్కడా అదే నవ్వు.

పిల్లల్ని అనడానికేం లేదు. వాళ్లకు మనం అప్పజెప్పింది అంతే. ఆ పిల్లలే పెద్దవాళ్లై సాంస్కృతిక శాఖల్లో అధికారులవుతారు, పత్రికల్లో సబ్ ఎడిటర్లవుతారు, ఉత్సవ కమిటీల్లో సభ్యులవుతారు. అద్దె డ్రెస్సు మానేసి ఈసారి అసలు మనుషుల్నే పిలిపిస్తారు. చూసే చూపు మాత్రం అదే. నేను ‘మనం’ అంటున్నది వీళ్లనే: మైదానంలో పుట్టి, తెలుగులో చదువుకుని, కొండల్లోనూ అడవుల్లోనూ బతికేవాళ్ల కళల గురించి సభలు జరిపి, వ్యాసాలు రాసి, అవార్డులకు సిఫారసులు చేసినవాళ్లం. ఈ వ్యాసం రాస్తున్నవాడూ ఆ గుంపులోవాడే.

హైదరాబాద్‌లో ప్రభుత్వం జరిపే ఏ పెద్ద ఉత్సవమైనా తీసుకోండి. ఆదిలాబాద్ వైపు నుంచి గుస్సాడి బృందం పొద్దున్నే బస్సు దిగి ఉంటుంది. ముఖ్య అతిథి రావడం ఆలస్యం. వచ్చాక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు. చివరికి మిగిలిన కాస్త సమయంలో బృందాన్ని వేదిక ఎక్కిస్తారు. ‘ఇప్పుడు మన అడవి బిడ్డల అద్భుత నృత్యం’ అంటుంది వ్యాఖ్యాత. డప్పు మోగుతుంది, నెమలి ఈకలు ఊగుతాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, ఫొటోగ్రాఫర్లు ముందుకు ఉరుకుతారు. పక్కన నిర్వాహకుడు వాచీ చూసుకుంటూ చేత్తో ‘చాలు, చాలు’ అని సైగ చేస్తుంటాడు. అసలు ఘట్టం ఆ తర్వాతే. నాయకుడు వేదిక ముందుకొస్తాడు. ఒక గుస్సాడి తలమీదున్న నెమలి ఈకల టోపీ తీసి ఆయన నెత్తిన పెడతారు. ఆయన రెండు అడుగులేస్తాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వస్తుంది. ‘గిరిజనులతో కలిసి స్టెప్పులేసిన మంత్రి’ అని దానికింద మనమే రాస్తాం.

ఆ టోపీ ఏమిటో తెలిస్తే ఆ శీర్షిక పెట్టేవాళ్లం కాదు.

రాజ్‌గోండులకు దీపావళి ముందూ వెనకా వచ్చే పండగ దండారి. గుస్సాడి దాంట్లో ఒక భాగం. పండగ మొదలయ్యే రోజును భోగి అంటారు, సంక్రాంతి భోగి కాదు; ఆ రోజున డప్పులు, టోపీలు, గజ్జెలు, మెడలో వేసుకునే పూసల దండలు అన్నీ ఒకచోట పెట్టి పూజ చేస్తారు. ఏత్మసూర్ దైవం పేరు మీద దీక్ష మొదలవుతుంది. గుస్సాడి వేషం కట్టినవాడు ఒళ్లంతా బూడిద పూసుకుంటాడు, భుజాన తోలు వేసుకుంటాడు, చేత కర్ర పట్టుకుంటాడు. దండారి ముగిసేదాకా స్నానం చేయడు. ఆ రోజుల్లో అతను ఫలానా ఇంటి కుర్రాడు కాడు, దైవం పూనినవాడు. అతని కర్ర తగిలితే జబ్బు పోతుందని జనం ఎదురెళ్లి నిలబడతారు. ఆడవేషం కట్టిన పోరిక్‌లు, డప్పులు వాయించేవాళ్లు, ఊదేవాళ్లు, ఊరి పెద్దలు, అందరూ కలిసి ఒక దండుగా పక్క ఊరికి బయల్దేరతారు. ఆ పక్క ఊరు ఏదైనా ఫర్వాలేదనుకుంటే పొరపాటే. పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి కుదిరే వావివరసలున్న ఊరికే వెళ్తారు. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడుగుతారు, రాత్రంతా ఆట, పొద్దున్న భోజనం, మధ్యలో సంబంధాల మాటలు. ఎందరో గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి వెళ్లి మొక్కుకుంటారు. చివర్లో కోలబోడి అనే ముగింపు క్రతువు చేసి, వేషాలు విప్పి, స్నానాలు చేసి మళ్లీ మామూలు మనుషులవుతారు. మళ్లీ ఏడాదికే.

ఇందులో ప్రేక్షకుడు ఎక్కడున్నాడు? ఉన్నది వియ్యాలవారు, దైవం, రుతువు. పంటలు చేతికొచ్చే వేళకు మనుషులు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్లే ఏర్పాటు అది. మనం వావివరసలు తీసేశాం, దైవాన్ని తీసేశాం, రుతువును తీసేశాం, మిగిలిన గజ్జెల చప్పుడుకు ‘గుస్సాడి నృత్యం’ అని పేరు పెట్టి ఏప్రిల్‌లోనో ఆగస్టులోనో స్వాగత ద్వారం పక్కన నిలబెట్టాం. ఆ వేషం కాలంగాని కాలంలో కట్టొచ్చా అని అక్కడి పూజారి కటోడనో పటేల్‌నో అడిగినవాడు మనలో ఎవడున్నాడు? కలెక్టరేట్ నుంచి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఫోన్ వెళ్తుంది, ఐటీడీఏ నుంచి ఊరికి కబురు వెళ్తుంది. ‘రేపు ముప్పై మంది కావాలి.’ పనిమనుషుల్ని పిలిచినట్టే.

దీనికంటే బరువైన సంగతి ఇంకోటి ఉంది, తారీఖుల్లో ఉంది. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సంత రోజు. భూముల గురించి, అటవీ అధికారుల వేధింపుల గురించి మాట్లాడుకోవడానికి గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. ఆ లెక్కను ఆదివాసీలు ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ మరుసటి ఏడాది, 1982లో, అదే జిల్లా నుంచి మర్లవాయి కనకరాజు బృందం ఢిల్లీ వెళ్లి ప్రధాని ఇందిరాగాంధీ ముందు గుస్సాడి ఆడింది. తెలుగువాళ్ల ఖ్యాతి రాజధానికి ఎక్కిందని మనం మురిసిపోయాం. ఆ రెండు సంగతులూ ఒకే జిల్లావని, ఒకే జనానివని పక్కపక్కన పెట్టి చూడాలనిపించలేదు. ఇంద్రవెల్లిలో కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. మళ్లీ కట్టారు. దశాబ్దాల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆ స్తూపం దగ్గరికి వెళ్లకుండా పోలీసు ఆంక్షలు ఉండేవి. అంటే అన్నాళ్లూ వాళ్లు మన పండగలకు వచ్చి ఆడొచ్చు, వాళ్లలో చనిపోయినవాళ్లకు పువ్వులు మాత్రం పెట్టకూడదు అన్నట్టే ఉండేది. ఇన్నేళ్లలో ఏ జానపద కళోత్సవాన్నైనా ఈ కారణంతో మనం బహిష్కరించామా? ఒక్క సన్మానమైనా వద్దన్నామా? నాకు తెలిసి లేదు.

కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో కుర్రాళ్లకు ఆట నేర్పినవాడు. 2024 అక్టోబర్ 25న, దండారి కాలంలోనే, దీపావళికి వారం ముందు పోయాడు. అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తుపాకులు పైకెత్తి వందనం చేశారు. ఆ జిల్లాలో ఆ తుపాకులకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. అది ఆ రోజు ఎవరమూ రాయలేదు.

ఇక మనం ఏమేమి ఎంచుకున్నాం, ఏమేమి వదిలేశాం అన్నది చూస్తే మన రుచి బయటపడుతుంది. వేదిక మీద గుస్సాడి కనబడుతుంది, థింసా కనబడుతుంది, కొమ్ముకోయ కనబడుతుంది. తోటి, పర్ధాన్ తెగల గాయకులు కనబడరు. గోండుల పుట్టుక, గోత్రాల విడివిడి కథలు, పెద్ద దేవుడు పెర్సాపేన్ చరిత్ర, అన్నీ నోటితో మోసుకొచ్చినవాళ్లు వాళ్లు. కింగ్రి అనే తీగవాద్యం వాయిస్తూ రాత్రుళ్లకు రాత్రుళ్లు పాడతారు. గోండు ఇళ్లలో చావుకూ పండక్కూ వాళ్లు రావాల్సిందే. వాళ్లను మనం ఎందుకు పిలవం? కారణం సులువు. ఆటకు కళ్లుంటే చాలు, పాటకు గోండీ రావాలి. మనకు రాదు. రాత్రంతా కూర్చునే ఓపికా లేదు. రంగూ ఈకా ఉన్నదాన్ని ‘వారసత్వం’ అన్నాం. మాట ఉన్నదాన్ని మాత్రం వినకుండానే దాటేశాం.

కోయల విషయంలోనూ అంతే. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య డోలు కొడుతూ కోయ వీరుల కథలు, ఇలవేల్పుల కథలు పాడేవాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చాం. 2024 జూన్ 23న పోయాడు. ఆయన గొంతులో ఉన్న కథల్లో ఎన్ని రికార్డయ్యాయి, ఎన్ని రాతలోకి వచ్చాయి, ఎన్ని ఆయనతోపాటు పోయాయి అని లెక్క చెప్పగల తెలుగు సంస్థ ఏది? సంతాప సందేశాలు మాత్రం అన్ని పార్టీల నుంచీ వచ్చాయి. పద్మశ్రీ గురించే ఒక మాట. దర్శనం మొగులయ్య ఆదివాసీ కాడు, కిన్నెర మీద పాడే దళిత కళాకారుడు, కానీ కథ ఒకటే. 2022లో పద్మశ్రీ అందుకున్న మనిషి 2024 మేలో నగర శివార్లలో ఇల్లు కట్టేచోట కూలిపని చేస్తూ కనబడ్డాడు. ఆ ఫొటోను కూడా మనం లైకుల కోసం వాడుకున్నాం. ఒక మనిషికి పతకం ఇస్తే ఒక కళ బతుకుతుందన్న లెక్క ఎక్కడిదో గానీ, మనకు బాగా నచ్చిన లెక్క. తక్కువ ఖర్చు.

భాష దగ్గరకొస్తే మన నేరం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1940లో నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల కడుపుమంట ఏమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను పంపించింది. హైమన్‌డార్ఫ్ తన భార్య బెట్టీతో కలిసి మర్లవాయిలో కాపురం పెట్టాడు. గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండీలో వాచకాలు తయారయ్యాయి. పరాయి దేశంవాడు, యుద్ధకాలంలో తానే నిఘా కింద బతుకుతున్నవాడు, నిజాం కొలువులో ఉండి చేసిన పని అది. ఆ తర్వాత మన రాజ్యం వచ్చింది. భాషాప్రయుక్త రాష్ట్రం వచ్చింది. తల్లిభాషలో చదువు అన్న నినాదంతోనే కదా మనం మద్రాసు నుంచి విడిపోయింది! ఆ సూత్రం గోండు పిల్లవాడికి వర్తించదని మనకు ఎవరు చెప్పారు? 2011 జనగణన నాటికి దేశంలో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో గోండీ లేదు. మధ్యలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వేశారు, మంచి పనే. అది ఎలా మొదలైందో అలాగే చప్పుడు లేకుండా సన్నగిల్లింది.

ఆ పిల్లల భాష తెలిసిన పంతులు ఉండాలంటే అక్కడివాళ్లే పంతుళ్లు కావాలి. దానికోసం 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కరోనా లాక్‌డౌన్ రోజులు. కోర్టు న్యాయం కోర్టుకుంటుంది, దాని మీద చర్చ వేరే. నేను అడుగుతున్నది మన సంగతి. సంస్కృతి అంటే ప్రాణమిచ్చే సాహిత్య సంఘాలు, జానపద పరిశోధకులు, భాషాభిమానులు ఆ వారం ఎన్ని ప్రకటనలు ఇచ్చారు? ఎన్ని సంపాదకీయాలు వచ్చాయి? అది ‘ఉద్యోగాల సమస్య’ అనుకున్నాం. ఉత్సవాల పేజీలో ఆదివాసీ వేరు, ఉద్యోగాల పేజీలో ఆదివాసీ వేరు మనకు.

గుంజాలలో గోండీ రాతప్రతులు బయటపడ్డప్పుడు కూడా అంతే. నార్నూరు మండలంలో ఒక చిన్న ఊరు అది. అక్కడి పెద్దలు దాచుకున్న కాగితాల్లో గోండీకి సొంత లిపి ఉందని తేలింది. జయధీర్ తిరుమలరావు లాంటి కొద్దిమంది పరిశోధకులు, ఆ ఊరి పెద్దలు, యువకులు వెంటపడి అక్షరాలు అచ్చులోకి తెచ్చారు. 2018లో యూనికోడ్‌లో కూడా గుంజాల గోండీ చేరింది. అంటే ఫోన్లో, కంప్యూటర్లో రాసుకోవచ్చు. ఇంత పెద్ద సంగతి మన తెలుగు సభల్లో ఎన్నిసార్లు విన్నారు? మీరు విన్నది తక్కువే అయితే తప్పు మీది కాదు, చెప్పాల్సినవాళ్లమైన మాది.

మేడారం దగ్గర మన రెండు నాల్కలు ఒకేసారి ఆడతాయి. కోయలు చెప్పుకునే కథలో సమ్మక్క, సారలమ్మ కాకతీయ రాజు కప్పం అడిగితే ఎదురుతిరిగి పోరాడి ప్రాణమిచ్చినవాళ్లు. విగ్రహాల్లేవు. చిలకలగుట్ట నుంచి కోయ వడ్డెలు కుంకుమ భరిణె తెస్తారు, గద్దె మీద పెడతారు. 1996లో ఉమ్మడి రాష్ట్రం దాన్ని రాష్ట్ర పండగ చేసింది. రోడ్లొచ్చాయి, బస్సులొచ్చాయి, రెండేళ్లకోసారి జనం పోటెత్తుతున్నారు. ‘ఈసారి ఎంతమంది వచ్చారు’ అన్నదే మన ప్రధాన వార్త. సరే. మరి 2022 జూలైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం జరిపింది ఎవరు? ఆ జాతరను జరిపే ప్రభుత్వమే, ఆ మనమే. ఆ రాజవంశం వారసుడిగా చెప్పుకునే బస్తర్ రాజకుటుంబీకుణ్ణి పిలిచి గౌరవించాం. కాకతీయుల తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది. కాకతీయుల కాలంనాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే సంబరాలు చేసుకున్నాం. ఆ గుడిని చూసి గర్వపడకూడదని నేననను, నిజంగా గొప్ప గుడి. కానీ కప్పం అడిగినవాళ్ల శిల్పాన్నీ, కప్పం కట్టనన్నవాళ్ల గద్దెనూ ఒకే పర్యాటక కరపత్రంలో ‘మన ఘన వారసత్వం’ అని అచ్చేసినప్పుడు, మధ్యలో నడిచిన యుద్ధం ఎటు పోయింది? కరపత్రం రాసిన చేయి మనదే. కొట్లాటను కొట్టేసి మిగిలినదానికి వారసత్వం అని పేరు పెట్టడం మనకు చక్కగా అబ్బిన విద్య. కొమురం భీంనే చూడండి. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి మనకు సినిమా పాటగా మారాక ఎంత ముద్దొస్తున్నాడు!

ఆ మూడింట్లో జంగల్ సంగతి ఎలా ఉందో 2019 జూన్ చెప్పింది. కాగజ్‌నగర్ అడవిలో కోలాంగోంది నుంచి కోలాం తెగ కుటుంబాలను ఖాళీ చేయించి అటవీ శాఖ కలప డిపోలో ఉంచారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ బయటపడలేదు. కోలాంలు కూడా దండారి జరుపుకునేవాళ్లే. కలప డిపోలో ఏ పండగ జరుపుకుంటారు? 2023లో పోడు పట్టాలు ఇచ్చారు, నాలుగు లక్షల ఎకరాలకు పైగా. అది ఇచ్చింది కూడా దశాబ్దాల కొట్లాట తర్వాతే. 2025 మేలో మళ్లీ జీవో 49 వచ్చింది, పులుల కోసం కొమురం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వ్. ఆదివాసీలు రోడ్డెక్కితే జూలైలో నిలిపేశారు. అడవి నుంచి వెళ్లగొట్టే ఉత్తర్వుకు అడవి కోసం చచ్చిపోయినవాడి పేరు పెట్టడానికి ఎంత తెలివి కావాలో!

ఆంధ్ర వైపు వచ్చినా తేడా లేదు. అరకులో రిసార్టుల్లో చలిమంట చుట్టూ ప్రతి రాత్రీ థింసా. పండగకు, పెళ్లికి ఊరంతా నడుం పట్టుకుని వరసగా ఆడే ఆటను టికెట్‌లో కలిపి అమ్ముతున్నాం. మన ఆడవాళ్లు కూడా మధ్యలో దూరి ఫొటోలు దిగుతారు. ఆ కొండల్లో బాక్సైట్ ఉందని 2015 నవంబర్‌లో చింతపల్లి అడవిలో తవ్వకాలకు జీవో 97 ఇచ్చినప్పుడు, అడ్డుపడింది కొండల్లోనివాళ్లే. రిసార్టుకు వెళ్లొచ్చినవాళ్లం కాదు.

ఇంతవరకూ రాసింది చదివి ‘అయితే వాళ్ల కళల్ని బయటికి తేవద్దంటారా’ అని అడిగేవాళ్లుంటారు. మనలోనే ఇంకో జాతి కూడా ఉంది, స్వచ్ఛతావాదులు. గుస్సాడి వేదిక ఎక్కకూడదు, థింసాకు మైకు పెట్టకూడదు, ఆదివాసీ కుర్రాడు జీన్స్ వేసుకుంటే కళ చచ్చిపోయినట్టే అని బాధపడేవాళ్లు. ఇదీ పెత్తనమే, మొదటిదానికి మరో ముఖం. కనకరాజు ఢిల్లీకి తన ఇష్టంతోనే వెళ్లాడేమో, ఆ ఆట దేశం చూడాలని కోరుకున్నాడేమో. దండారి కాలం కాకపోయినా ఆడతామనే యువకులు ఉండొచ్చు, ఆడొద్దనే పెద్దలు ఉండొచ్చు. ఆ కొట్లాట వాళ్లింట్లోది. అక్కడ రాయి సెంటర్లనే ఆదివాసీ పంచాయతీలున్నాయి, వాటి పెద్దలు సార్మేడీలున్నారు, పటేళ్లున్నారు, చదువుకున్న పిల్లలున్నారు. వాళ్లు తేల్చుకుంటారు. మనం చేసిన పాపమల్లా వాళ్లు తేల్చుకునేలోపే బస్సు పంపడం.

వాళ్లు తమ చేతుల్లో పెట్టుకున్నదాన్ని ఎలా నడుపుకుంటారో చూడాలంటే కేస్లాపూర్ వెళ్లాలి. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు రోజుల తరబడి కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లకు ‘భేటింగ్’ జరిపి నాగోబాకు పరిచయం చేస్తారు. అప్పటిదాకా ఆ కోడలు పూజలో కలవదు. కొత్త గుడి కావాలనుకున్నప్పుడు వంశంలోని కుటుంబాలే చందాలు వేసుకుని రాతి గుడి కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నాయి. జాతరలో భాగంగా దర్బార్ జరుగుతుంది. హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940లలో మొదలైంది. కొండల్లోని జనం ఏడాదికొక్కసారైనా అధికారుల ముందు నిలబడి తమ కష్టం చెప్పుకోవాలని. ఇన్ని జాతరల్లో, ఇన్ని ఉత్సవాల్లో, సర్కారు కూర్చుని ఆదివాసీ మాట్లాడే ఏర్పాటు నాకు తెలిసి అదొక్కటే. దాన్ని మన పత్రికలు ఎలా రాస్తాయి? ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, హెలికాప్టర్ ఎక్కడ దిగింది. అర్జీల్లో ఏముందో, గతేడాది అర్జీ ఏమైందో వెనక్కి వెళ్లి చూసిన విలేఖరుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చట్టం తెలియదని తప్పించుకోవడానికి కూడా లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకు భారతదేశం అనుకూలంగా ఓటేసింది. తమ సాంస్కృతిక వారసత్వం మీద అదుపు, దాన్ని కాపాడుకునే హక్కు ఆ జనాలవే అని అందులో 31వ అధికరణం చెబుతుంది. అది దూరపు కాగితం అనుకుంటే మన సొంత చట్టమే ఉంది. 1996 నాటి పెసా, షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో జనం సంప్రదాయాల్ని, ఆచారాల్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభదే అని నాలుగో సెక్షన్ స్పష్టంగా రాసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. ఇసుక కోసం, గనుల కోసం పెసా పేరు అప్పుడప్పుడూ వింటాం. సంస్కృతి కోసం ఏ గ్రామసభ తీర్మానాన్ని ఏ ఉత్సవ కమిటీ అడిగింది? కలెక్టర్లు అడగలేదు. సాంస్కృతిక శాఖలు అడగలేదు. మేం రచయితలం, పాత్రికేయులం, పరిశోధకులం కూడా అడగలేదు. ఊరికి వెళ్లాం, పాట రికార్డు చేసుకున్నాం, పుస్తకం మీద మన పేరు వేసుకున్నాం, డాక్టరేట్ తెచ్చుకున్నాం. పాడినవాడి పేరు కృతజ్ఞతల పేజీలో ఉంటే అది మన ఉదారత.

కాబట్టి ఉత్సవాలు జరిపేవాళ్లకు ఒక్క మనవి. మీది ప్రభుత్వ శాఖ కావచ్చు, కాలేజీ కావచ్చు, అమెరికాలో తెలుగు సంఘం కావచ్చు. గుస్సాడినో థింసానో పిలవాలనుకుంటే ముందు ఆ ఊరి గ్రామసభకు ఉత్తరం రాయండి. ఏ కాలంలో ఆడొచ్చు, ఏది వేదిక మీద చూపొచ్చు, ఏది చూపకూడదు, ఎంతసేపు, ఎంత డబ్బు, పాటలో ఏముందో ఎవరు వివరిస్తారు, ఇవన్నీ వాళ్లనే చెప్పమనండి. తోటి గాయకుణ్ణి కూడా పిలవండి, రాత్రంతా కూర్చోండి, గోండీ తెలిసిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. టోపీ ఎవరి నెత్తినా పెట్టించకండి. గ్రామసభ వద్దంటే, అచ్చుకెళ్లిన ఆహ్వాన పత్రిక వెనక్కి తెప్పించి ఆ పేరు కొట్టేయండి.